టిక్కీకి చెయ్యంటే ఎందుకంత కోపం

కుక్క గుర్రుమంటే సంతోషించాలి. కొత్తగా పశువుల డాక్టర్లయిన పిల్లలకి ఈ మాట చెప్తే నవ్వుతారు. నవ్వండి, ఆ వయసులో నేనూ నవ్వేదాన్నే. ముప్పై రెండేళ్ళు గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పనిచేసి మొన్ననే రిటైరయ్యాను. ఏ ఊళ్ళో ఎన్నాళ్ళున్నానో, ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో ఇక్కడ రాయను. అవన్నీ నా సర్వీసు రిజిస్టర్లో ఉన్నాయి, వాటిని చదివి బాగుపడేవాళ్ళెవరూ లేరు.

మీకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. తన గిన్నె దగ్గరికీ తన గోతం దగ్గరికీ ఎవర్నీ రానివ్వని ఒక కుర్రకుక్క సంగతి అది. దాని దగ్గర నేను తప్పులు చేశాను, చివరికి గెలిచాను. గెలిచాను కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. అయితే అంతకుముందు ఓడిపోయింది కూడా ఒకటుంది. అది దాచిపెట్టి ఇది చెప్పడం న్యాయం కాదు.

నా సలహా విన్న ఇల్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో పొన్నూరు వైపు ఒక ఊళ్ళో ఉండేదాన్ని. చుట్టూ వరి, ఇంటింటికీ గేదెలు. కుక్కని తీసుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్ళు అరుదు. ఒకరోజు ఒక ధాన్యం వ్యాపారి తన కుక్కని గొలుసుతో పట్టుకొచ్చాడు. ఏడాది నిండని మగకుక్క, నల్లగా నిగనిగలాడుతోంది. అన్నం తినేటప్పుడు ఎవరైనా దగ్గరికెళ్తే గుర్రుమంటోందట.

నాకు ఆ విషయంలో ఓనమాలు కూడా తెలియవు. కాలేజీలో కుక్క జబ్బుల గురించి చెప్పారుగానీ కుక్క మనసు గురించి ఎవరూ చెప్పలేదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. ఆడ డాక్టరు, అందులోనూ కుర్రది, తెలియదంటే రేపటినుంచి ఎవరొస్తారని భయం. అందుకని గొంతు పెంచి చెప్పాను. "దానికి బాగా అలుసిచ్చారండీ. తింటున్నప్పుడు గిన్నె లాగెయ్యండి. గుర్రుమంటే ఒకటెయ్యండి. యజమాని ఎవరో దానికి తెలియాలి."

ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాడు. నెల తిరక్కుండానే అరటిపళ్ళు పట్టుకొచ్చి, "మీ మాట పనిచేసిందమ్మా, ఇప్పుడసలు నోరెత్తట్లేదు" అన్నాడు. ఆ పళ్ళు నేను తిన్నాను కూడా. ఇంకో నెలకి ఆ కుక్క ఆయన తల్లి చెయ్యి పట్టుకుంది. పాపం ఆవిడ చేసిందేమీ లేదు, గిన్నె పక్కన వాకిలి ఊడుస్తోంది. కుక్క ముందుగా ఒక్కసారి కూడా గుర్రుమనలేదట. ఎందుకంటుంది? గుర్రుమంటే తన్నులు పడతాయని నేర్పించింది నేనే కదా. ఆవిడ చేతికి కుట్లు పడ్డాయి. కుక్కని ఆ రోజే చంపేశారు. ఎలా చంపారో ఆయన చెప్పబోతుంటే వినలేక లోపలికి వెళ్ళిపోయాను.

తప్పు ఆ కుక్కది కాదు, ఆయనది కూడా కాదు, నాది. గుర్రుమనడమంటే కుక్క మనతో మాట్లాడటం. "నాకు భయంగా ఉంది, ఇది లాక్కుంటావేమో, దూరంగా ఉండు" అని మర్యాదగా చెప్పడం. ఆ మాట నోట్లోనే నొక్కేస్తే దానికి మిగిలేది పళ్ళే. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక కుక్క ప్రాణం, ఒక పెద్దావిడ చెయ్యి ఖర్చయ్యాయి.

మా పెద్ద సారు, మా అటెండరు

ఈ సంగతి మా పెద్ద సారుకి చెప్పి ఏడ్చాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "గేదె పాలిస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది. కుక్క ఏమిస్తుందమ్మా? వదిలెయ్యి" అన్నారు. ఆ మాటకి ఆయన మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు లేదని అనను. కానీ జంతువు దగ్గరికి వెళ్ళేముందు అయిదు నిమిషాలు ఊరికే నిలబడి చూడమని నేర్పింది ఆయనే. మంచి పాఠాలు చెప్పిన మనిషే చెత్త మాటలు కూడా చెప్తాడు. మీ బాసుల దగ్గర ఏది తీసుకోవాలో, ఏది అక్కడే వదిలిరావాలో మీరే ఏరుకోండి.

అసలు విద్య నాకు మా అటెండరు వెంకటేశ్వర్లు దగ్గర దొరికింది. ఒక గేదె పాలిథీన్ కవరు నములుతోంది. దాని యజమాని కొస పట్టుకుని లాగుతున్నాడు, గేదె పళ్ళు బిగిస్తోంది. వెంకటేశ్వర్లు ఆయన్ని పక్కకి జరిపాడు. "లాగితే మింగుద్ది సామీ" అని, గుప్పెడు పచ్చిజొన్న తెచ్చి దాని మూతి ముందు పెట్టాడు. గేదె కవరు వదిలేసి జొన్న అందుకుంది.

"దాని నోట్లోది మనక్కావాలంటే దానికింకోటి చూపియ్యాలమ్మా. ఊరికే ఇమ్మంటే మనం మాత్రం ఇస్తామా?" అన్నాడు. తరవాత నేను పెద్ద పెద్ద పుస్తకాలు తెప్పించుకుని చదివాను. వెంకటేశ్వర్లు చెప్పిందే వాటిలో లావు లావు మాటల్లో రాసి ఉంది.

మేక మందుకోసం వచ్చిన మనిషి

రిటైరవడానికి ఏడాది ముందు చిలకలూరిపేట అవతల ఒక ఊళ్ళో ఉన్నాను. రోడ్డుకి ఒకవైపు పత్తి, రెండోవైపు మిరప. కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక పొద్దున మీరాబీ ఆసుపత్రికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త మస్తాన్ వలీ కౌలుకి మిరప వేస్తాడు. వాళ్ళ గేదెకీ మేకలకీ మందులిచ్చేది నేనే కాబట్టి బాగా తెలిసిన మనిషి. మేకకి నులిపురుగుల మందు కావాలంటే ఇచ్చాను. తీసుకుని వెళ్ళకుండా నిలబడింది.

"ఇంకేం కావాలి మీరాబీ?"

"ఏం లేదమ్మా. కుక్క కరిస్తే, ఆ కుక్కని ఏం చేస్తారు?"

అప్పుడు చూశాను, కుడిచేతిని కొంగుతో చుట్టేసి ఉంది. చూపించమన్నాను. కంచె తీగ గీసుకుందంది. కొంగు తీయించి చూస్తే మణికట్టు మీద నాలుగు గాట్లు.

"ఏ తీగకి నాలుగు పళ్ళుంటాయే?" అని అరిచాను.

ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. "ఎవరితో అనకండమ్మా. ఆయనకి తెలిస్తే దాన్ని లారీ ఎక్కిచ్చి ఒంగోలు అవతల దించేయిస్తాడు. ఇప్పటికే అంటన్నాడు."

నేను ఇంకేమీ వినలేదు. స్కూటర్ మీద ఎక్కించుకుని నేరుగా మనుషుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, పుండు సబ్బుతో కడిగించి, ఇంజెక్షన్ వేయించాను. మిగతావి కూడా ఏ రోజు వేయించుకోవాలో కాగితం మీద రాయించాను. కొత్త డాక్టర్లూ, మీకు కుక్కల మీద ఎంత ప్రేమైనా ఉండనివ్వండి, కరిచిన కుక్క సంగతి తరవాత. కరిపించుకున్న మనిషి సంగతి ముందు.

తిరిగొస్తూ దారిలో అంతా చెప్పింది. కుక్కకి ఎనిమిది నెలలు. పుట్టిన నెలకే ఎక్కణ్ణించో వచ్చి మిర్చి బస్తాల సందున పడుకుందట. మా వైపు మిర్చి బస్తాని టిక్కీ అంటారు, దానికీ అదే పేరు పెట్టారు. వాళ్ళు కుక్కని ఇంట్లోకి రానివ్వరు. కల్లంలో, వాకిట్లో తిరుగుతుంది, తిండి మాత్రం మీరాబీ చేత్తోనే. గిన్నె సర్దబోతే ఆ చేతినే కరిచింది.

ఇదొక్కటే అయితే ఆవిడ ఎలాగో సర్దుకునేది. వాళ్ళమ్మాయి రేష్మాని అద్దంకిలో ఇచ్చారు. టీచరు ఉద్యోగం కోసం గుంటూరులో కోచింగుకి వెళ్ళాలని ఆ పిల్ల ఏళ్ళ తరబడి అనుకుంటోంది. ఏడాదిన్నర కూతుర్ని మీరాబీ దగ్గర వదిలితేనే అది కుదురుతుంది. ఇంకో నెలన్నరలో వస్తున్నారు. గుర్రుమనే కుక్కున్న వాకిట్లో పసిపిల్లని ఎలా వదులుతామని మస్తాన్ వలీ అడుగుతున్నాడు.

"ఆయన అనేదాంట్లో తప్పు లేదమ్మా. కానీ కన్నట్టే పెంచుకున్నా దాన్ని. ఎక్కడో రోడ్డు మీద దించేస్తే లారీల కింద పడి పోద్ది" అంది. ఈసారి ఓడిపోకూడదని ఆ స్కూటర్ మీదే గట్టిగా అనుకున్నాను.

కాపలా నేర్పింది ఎవరు

మర్నాడు పొద్దున్నే కల్లానికి వెళ్ళాను. టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నారు. ఒక మూల ఖాళీ గోతం మీద టిక్కీ పడుకుని ఉంది. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి. పెద్ద సారు చెప్పినట్టు అయిదు నిమిషాలు నిలబడి చూశాను.

ఆ అయిదు నిమిషాల్లోనే సగం కథ తెలిసిపోయింది. ఒక కూలీ అటు వెళ్తూ వంగి గోతం కొస పట్టుకుని లాగాడు. టిక్కీ లేచి గుర్రుమంది. ఏరుతున్న ఆడవాళ్ళంతా నవ్వారు. "శభాష్‌రా టిక్కీ" అన్నాడు మస్తాన్ వలీ. "చూశారా డాక్టరమ్మ గారూ, గోతం మీద ఈగని వాలనివ్వదు. పిల్లప్పట్నించి ఇదే ఆట."

"మరి గిన్నె దగ్గర గుర్రుమంటే?"

"తంతా. గోతం కాయరా అంటే గిన్నె కాస్తంది. బుద్ధిలేని కుక్క."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిరప కల్లాల్లో ఇది మామూలే. సరుకు ఆరుబయట ఉంటుంది, కాపలాకి కుక్కపిల్లని తెచ్చుకుంటారు, అది గోతం మీద కూర్చుని పళ్ళు చూపిస్తే మురిసిపోతారు. "మస్తాన్ వలీ, దానికి గోతమూ గిన్నే రెండూ ఒకటే" అన్నాను. "నాది అనుకున్నదాని దగ్గరికి మనిషొస్తే పళ్ళు చూపించమని మీరే నేర్పారు. పొద్దున శభాష్, మధ్యాహ్నం తన్నులు అయితే దానికేం అర్థమవుద్ది?"

మీరాబీని పిలిచి, చేతి సంగతి ఆవిణ్ణే చెప్పమన్నాను. దాచి మొదలుపెట్టే పని నిలవదు. ఆవిడ తలొంచుకుని చెప్పింది. మస్తాన్ వలీ ముఖం నల్లబడిపోయింది. భార్య చెయ్యి పట్టుకుని కట్టు చూశాడు, మళ్ళీ కుక్క వైపు చూశాడు.

"పిల్ల వచ్చేలోపల ఇది ఇక్కడుండదు" అన్నాడు.

"ఆ నెలన్నరా నాకివ్వు. పిల్ల వచ్చాక నేను చూసి, పనికిరాదంటే నా స్కూటర్ మీదే ఎక్కించుకుని మా ఇంటికి తీసుకుపోతా. లారీ మాత్రం వద్దు."

"మీ మొహం చూసి ఒప్పుకుంటన్నా. పిల్లకి గీత పడిందంటే మాత్రం నేనెవరి మాటా వినను" అన్నాడు. న్యాయమైన షరతే అది.

కారం లేని చికెన్

ముందు కుక్కని పరీక్ష చేశాను. పళ్ళు, చెవులు, పొట్ట అన్నీ చూశాను. నొప్పి ఉన్న కుక్క కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది, అది తేల్చుకోకుండా ఏ వైద్యమూ మొదలుపెట్టకండి. టిక్కీకి నొప్పేమీ లేదు, ఆకలి ఉంది. రోజుకి ఒక్కపూట పెడుతున్నారు. రెండు పూటలు చేయించాను. గోతం ఆట ఆ రోజుతో బంద్. కూలీలు సణిగారు, ఉన్న ఒక్క సరదా పోయిందని. తన్నడం కూడా బంద్. గుర్రుమంటే అక్కడే ఆగి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి.

"కుక్కకి భయపడి నేను వెనక్కి పోవాలా?" అన్నాడు మస్తాన్ వలీ.

"భయపడి కాదయ్యా, అది చెప్పింది విని."

ఇక అసలు పద్ధతి. అది తింటున్నప్పుడు గిన్నె ముట్టుకోకూడదు. అది బిర్రబిగుసుకోనంత దూరంలో నిలబడి, గిన్నెలో ఉన్నదానికంటే మంచి ముక్క ఒకటి దాని ముందు పడేసి వెళ్ళిపోవాలి. మనిషొస్తే పోయేది ఏమీ లేదు, వచ్చేదే ఉంది అని దానికి నమ్మకం కుదరాలి. ఆ ముక్క కోసం కోడిమాంసం ఉడకబెట్టమన్నాను. ఉప్పూ కారమూ మసాలా ఏమీ వెయ్యకూడదన్నాను. ఇద్దరూ నావైపు వింతగా చూశారు.

"కారం లేకుండా చికెనా? అట్టాంటిది కుక్క కూడా తినదండీ" అన్నాడు మస్తాన్ వలీ.

"పెట్టి చూడు."

పెట్టాడు. టిక్కీ గాల్లోనే అందుకుని మింగేసి, ఇంకోటి ఉందా అన్నట్టు అతని కళ్ళలోకి చూసింది. మస్తాన్ వలీ నవ్వాడు. ఆ కుక్క అతన్ని అలా చూడటం అదే మొదటిసారని తరవాత మీరాబీ చెప్పింది.

వారం తిరిగేసరికి రెండడుగుల దూరంలో నిలబడగలిగాడు. ఇంకో వారానికి పక్కనే కూర్చుని చేత్తో అందిస్తున్నాడు. ఆ తరవాత మార్పిడి నేర్పించాను. టిక్కీ గోతం మీద ఉన్నప్పుడు కొంచెం ఎడంగా నిలబడి "దా" అనాలి. వస్తే ముక్క ఇవ్వాలి, వెంటనే మళ్ళీ గోతం దగ్గరికి పోనివ్వాలి. వదిలిన వస్తువు తిరిగి దొరుకుతుందని తెలిస్తేనే వదలడానికి మనసొస్తుంది. ఊళ్ళో అంతా నవ్వుకున్నారు. డాక్టరమ్మ కుక్కకి చికెన్ పెట్టి చదువు చెప్తోందట. నవ్వితే నవ్వారు, నాకేం, కుక్క చదువుకుంటోంది.

మీరాబీ చేతులు

ఇంత బాగా జరుగుతుంటే ఒకచోట బండి ఆగిపోయింది. మస్తాన్ వలీతో తోక ఊపుతూ మార్పిడి చేస్తున్న టిక్కీ, మీరాబీ చెయ్యి చాపితే మాత్రం తల వెనక్కి లాగేసుకుంటోంది. తుమ్ముతోంది. ముక్క కింద పడేస్తే తింటుంది, చేత్తో ఇస్తే గుర్రుమంటుంది. ప్రేమ ఎక్కువ ఆవిడ మీదే, దూరంగా కూర్చుంటే పాదాల దగ్గరే పడుకుంటుంది. చెయ్యి దగ్గరికొస్తేనే తేడా.

నేను మీరాబీ మీద విసుక్కున్నాను. తొందరపడుతున్నావన్నాను, భయపడుతున్నావన్నాను, చెప్పింది చెప్పినట్టు చెయ్యట్లేదన్నాను. "నాకే చేతకావట్లేదేమోనమ్మా" అంది. పిల్ల రావడానికి రెండు వారాలు కూడా లేదు.

ఒకరోజు మధ్యాహ్నం, ఏం చెయ్యాలో తోచక ఆవిడ పక్కన పట్టా మీద కూర్చున్నాను. కబుర్లు చెప్తూ ఊరికే చేతికందిన తాలుకాయలు ఏరాను. పావుగంట ఏరానేమో. లేచి బోరు దగ్గర రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఆసుపత్రికి వచ్చాక కంట్లో నలుసు పడినట్టుంటే వేలితో తుడుచుకున్నాను. అంతే, కన్ను భగ్గుమంది. అరగంట కళ్ళు తెరవలేకపోయాను. కళ్ళు మూసుకుని నీళ్ళు కారుస్తూ కూర్చున్నప్పుడు బుర్ర తెరుచుకుంది.

మూడు నెలలుగా పొద్దస్తమానం మిరపకాయల్లో ఉన్న చేతులు మీరాబీవి. మస్తాన్ వలీ పొలానికీ మిర్చి యార్డుకీ తిరుగుతాడు, ఏరడానికి కూర్చోడు. వేలితో తాకితేనే నా కన్ను ఇలా మండితే, పదడుగుల దూరం నుంచి వాసన పట్టే కుక్క ముక్కు దగ్గరికి ఆ చెయ్యి వెళ్తే ఎలా ఉంటుంది? అది గింజుకోక ఏం చేస్తుంది?

ఆ సాయంత్రమే వెళ్ళి అడిగాను. చిన్నప్పుడు ఇది మిరపకాయలు నోట పట్టుకునేదా అని.

"ఎందుకు పట్టుకోదమ్మా, పిల్ల కదా. నోరు మండుద్దని నేనే వేళ్ళు పెట్టి తీసేసేదాన్ని" అంది.

కాయ పైతొక్క అంత మండదు, దాని నోరు మండింది ఆవిడ వేళ్ళకి. కాపాడుదామని పెట్టిన చెయ్యే దాని నోరు కాల్చింది. నోట్లోది లాక్కుంది, పైగా మంట పెట్టింది. చెయ్యి అంటే దానికి అదే. నెలల తరబడి రోజూ జరిగిన పాఠం అది. నేను చెప్తుంటే మీరాబీ తన చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయింది.

"నమాజుకని రోజుకి అయిదుసార్లు కడుక్కుంటానమ్మా ఈ చేతులు."

"నీళ్ళకి కారం పోదు మీరాబీ. సబ్బుతో కడిగినా నా కన్ను మండిపోయింది. తప్పు నీది కాదు. ఇంట్లో పచ్చళ్ళు నూరినదాన్ని, నాకు తట్టి ఉండాలి. నిన్ను అనవసరంగా తిట్టాను, ఏమనుకోకు" అన్నాను. ఒక డాక్టరు తన దగ్గరికొచ్చిన మనిషికి ఈ మాట చెప్పడానికి సిగ్గుపడకూడదు. నేను మాత్రం పడ్డాను, అయినా చెప్పాను.

ఆవిడ కళ్ళు తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది. ఇద్దరం నవ్వేశాం.

మర్నాటి నుంచి టిక్కీ తిండివేళ మార్చాం. పొద్దున్నే, ఏరుడు మొదలవకముందు ఒకసారి, మీరాబీ స్నానం చేశాక ఒకసారి. ముందు కొబ్బరినూనె రాసి రుద్దుకోవడం, తరవాత మజ్జిగ, ఆఖర్న సబ్బు. మొదటి రెండు రోజులు టిక్కీ నమ్మలేదు. మూడో రోజు మెడ చాపి ఆవిడ వేళ్ళు వాసన చూసింది. మళ్ళీ చూసింది. ముక్క మెల్లగా తీసుకుని, తిన్నాక ఆ వేళ్ళని నాకింది. మీరాబీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. ఆ తరవాత పది రోజుల్లో అది నేర్చుకున్నది అంతకుముందు నెల మొత్తంలో నేర్చుకోలేదు. ఆవిడ "దా" అంటే చాలు, ఎముక వదిలేసి మరీ పరిగెత్తుకొచ్చేది.

తడిక

రేష్మా, కూతురు ఆయేషా వచ్చారు. ఆయేషా అప్పుడప్పుడే నడక నేర్చింది, నాలుగడుగులకోసారి కూలబడుతుంది. నేను ముందే గట్టిగా చెప్పాను. కుక్క ఎంత నేర్చినా పసిపిల్లతో ఒంటరిగా వదలకూడదు. కుక్క తినే చోటికి పిల్ల పోకూడదు. అందుకని వాకిట్లో ఒక మూల తడిక కట్టించి, టిక్కీ గిన్నె ఆ లోపలే పెట్టించాను. తడికకి ఒక కొక్కెం.

మాట ప్రకారం చూసి చెప్పడానికి నేను వెళ్ళిన పొద్దున, టిక్కీకి అన్నంతోపాటు మేక ఎముక కూడా వేశారు. తడిక లోపలికెళ్ళి అది తినే తీరు చూసి, తృప్తిపడి, బయటికొచ్చి మంచం మీద కూర్చున్నాను. మీరాబీ టీ ఇచ్చింది. రేష్మా కోచింగ్ గురించి చెప్తోంది. మస్తాన్ వలీ ఆయేషాకి ఉడికించిన గుడ్డు తినిపిస్తూ, ఫోనొస్తే అటు తిరిగాడు.

మేమంతా తలెత్తి చూసేసరికి ఆయేషా తడిక లోపల ఉంది. టిక్కీ పక్కనే చతికిలబడి, గిన్నె అంచు మీద చెయ్యేసింది. కొక్కెం పెట్టనిది నేను.

రేష్మా పరిగెత్తబోతే జబ్బ పట్టుకుని ఆపాను. మస్తాన్ వలీ కర్ర అందుకున్నాడు. "కింద పెట్టు, ఎవరూ అరవొద్దు, మీరాబీ, నువ్వు పిలు" అన్నాను. టిక్కీ ఎముక నోట్లో పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. పిల్ల చెయ్యి దాని మూతికి జానెడు దూరం.

"టిక్కీ, దా" అంది మీరాబీ, రోజూ అన్నట్టే.

టిక్కీ పిల్ల వైపు చూసింది. మీరాబీ వైపు చూసింది. ఎముక గిన్నెలో వదిలేసి, ఆయేషా కాళ్ళకి తగలకుండా పక్కనుంచి చుట్టి, తడిక దాటి పరిగెత్తుకొచ్చి మీరాబీ ముందు కూర్చుంది. తోక నేలకేసి కొడుతోంది. రేష్మా ఒక్క అంగలో వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. అప్పటికే ఆయేషా అందుకున్న ఎముకని లాక్కుని గిన్నెలో పడేస్తే గోల మొదలుపెట్టింది.

మీరాబీ చెయ్యి చాపింది, చేతిలో ఏమీ లేదు. ముక్కల గిన్నె వంటింట్లో ఉంది. కుక్క చూస్తోంది. ఆవిడ కంగారుగా నావైపు చూసింది. అప్పుడు మస్తాన్ వలీ మనవరాలి పళ్ళెంలో మిగిలిన గుడ్డు తీసుకుని, టిక్కీ ముందు నేల మీద కూర్చున్నాడు. ముక్కలు చేసి ఒక్కొక్కటే తన చేత్తో పెట్టాడు. గుడ్డు అయిపోయినా లేవలేదు, కుక్క మెడ మీద చెయ్యేసి అలాగే కూర్చున్నాడు.

కొక్కెం పెట్టనిది నేనేనని ఒప్పుకున్నాను. అతను తలెత్తి చూశాడు.

"మీక్కూడా ముక్కలు పెట్టి నేర్పాలమ్మా" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంత సంతోషం నాకు ఉద్యోగంలో చేరిన రోజు కూడా కలగలేదు. మస్తాన్ వలీ లేచి తడిక దగ్గరికి వెళ్ళాడు. ఎముక ఉన్న గిన్నె తీసుకొచ్చి టిక్కీ ముందు పెట్టి, కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు రేపు గుంటూరు బయల్దేరు. పిల్లని మీ అమ్మ చూసుకుంటది. ఇదీ ఇక్కడే ఉంటది."